నాటడం: ఒక హీబ్రూ క్రియ

బైబిలు పాత నిబంధన హీబ్రూలో మొక్క నాటడానికి 'నాటా' అనే క్రియ ఉంది. వినడానికి మన 'నాటు' లాగే ఉన్నా, రెండు భాషలకూ చుట్టరికం లేదు. విత్తనం చల్లడానికి అక్కడ వేరే మాట, 'జరా'. చల్లిన గింజ ఆ ఏడాదే పంటనిస్తుంది. నాటిన చెట్టు ఆగమంటుంది. లేవీయకాండం ప్రకారం దాని పండ్లు మూడేళ్లు ముట్టకూడదు, నాలుగో ఏటివి దేవునికి, ఐదో ఏటి నుంచే ఇంటివాళ్లకు.

గుడారం వేయడానికీ, మేకు దిగగొట్టడానికీ ఈ 'నాటా' క్రియనే వాడారు. దేవుడు మనిషికి చెవిని కూడా నాటాడంటాడు ఒక కీర్తనకారుడు. ఎంత ధైర్యమైన ఊహ! ప్రవక్తలైతే జనాన్నే మొక్కగా చూశారు: వాళ్లను నేలలో నాటేదీ, పెకలించేదీ దేవుడే.

నన్ను ఎక్కువగా కదిలించేది యిర్మీయా ప్రవక్త లేఖ. యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయిన వాళ్లకు రాస్తూ, అక్కడే ఇళ్లు కట్టుకొమ్మన్నాడు, తోటలు నాటి వాటి పండ్లు తినమన్నాడు. పరాయి దేశంలో తోట నాటమనడమంటే, తిరుగు ప్రయాణం ఇప్పట్లో లేదని చెప్పడమే. బబులోనుకు 70 ఏళ్లు నిండాకే దేవుడు వాళ్లను తిరిగి రప్పిస్తాడన్న మాట కూడా ఆ లేఖలోనే ఉంది.