వాతావరణాన్ని కొలవాలంటే ముందు చోటు చూడాలి

బడి ఆవరణలోనో, మండల ఆఫీసు పక్కనో కంచె వేసి, లోపల వాన కొలిచే పాత్ర, చిల్లుల తెల్ల పెట్టె, పొడుగాటి స్తంభం నిలబెట్టి ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. అదే వాతావరణ కేంద్రం. పరికరాలు ఎంత మంచివైనా, పెట్టిన చోటు సరిగ్గా లేకపోతే అవి ఊరి వాతావరణం చెప్పవు, ఆ మూల సంగతి మాత్రమే చెబుతాయి. మరి ఆ చోటు ఎలా ఉండాలి?

ముందు వాన సంగతి చూద్దాం. చినుకులు గాలికి ఏటవాలుగా పడతాయి. పక్కనే గోడ ఉంటే కొన్ని దానికే తగిలి ఆగిపోతాయి. చెట్టు కింద పెడితే మొదట ఆకులు వానను ఆపుతాయి, వాన వెలిశాక కూడా నీళ్లు కారుస్తూనే ఉంటాయి. అందుకే గోడ గానీ చెట్టు గానీ ఎంత ఎత్తుంటే, వర్షమాపకం దానికి కనీసం రెండింతల దూరంలో ఉండాలి. పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టుకు ముప్పై మీటర్ల దూరమన్నమాట. నాలుగింతలైతే ఇంకా మేలు. డాబా మీద ఏ అడ్డూ లేదు కదా అనుకోవద్దు. అక్కడ గాలి విసురుకు చినుకులు పాత్రలో పడకుండా ఎగిరిపోతాయి, కొలత తక్కువ వస్తుంది.

ఇక వేడి. ఉష్ణమాపకం కొలవాల్సింది గాలి వేడిని, ఎండను కాదు. అందుకే దాన్ని గాలి ఆడే తెల్ల పెట్టెలో, నేలకు సుమారు మీటరుంబావు నుంచి రెండు మీటర్ల ఎత్తున ఉంచుతారు. ఎండ లోపల పడకుండా మన దేశంలో పెట్టె తలుపు ఉత్తరం వైపు పెడతారు. కింద పచ్చిక ఉండాలి. సిమెంటు గచ్చు, తారురోడ్డు, ఏసీ వేడిగాలి దగ్గరుంటే అంకె పెరిగిపోతుంది. పల్లపు నేల కూడా పనికిరాదు. చలికాలం రాత్రి బరువైన చల్లగాలి జారివచ్చి అక్కడే నిలుస్తుంది.

గాలి వేగం కొలిచే పరికరానికి పది మీటర్ల స్తంభం కావాలి. అడ్డు ఎత్తుకు పదింతల దూరం ఉండాలి. ఆరు మీటర్ల బడి భవనానికి అరవై మీటర్లన్నమాట. అన్నిటికన్నా ఎక్కువ చోటు అడిగేది ఇదే.

ఇవన్నీ కుదిరినా ఇంకొకటి చూడాలి. ఆ చోటు ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. ఒక ప్రాంతపు సగటు వాతావరణం తేల్చడానికి ముప్పై ఏళ్ల లెక్కలు చూస్తారు. మధ్యలో పక్కన మేడ లేచినా, మొక్క మానైనా, పాత అంకెలకూ కొత్త అంకెలకూ పొంతన కుదరదు.

కాబట్టి మీ ఊళ్లో అలాంటి కంచె ఉంటే దాని మీద బట్టలు ఆరేయకండి. పక్కన పశువులను కట్టకండి, చెట్లు నాటకండి. ఆ కాస్త ఖాళీ జాగాను కాపాడండి. మీ పంట నష్టం లెక్కకూ, రేపటి వాన కబురుకూ అక్కడి అంకెలు కూడా ఆధారమే.