గోల్ఫు దెబ్బా, బట్టల బండా



మట్టికోటకీ రాతికోటకీ నడుమ కాపురాలు చేసుకునే ఖిలా వరంగల్ ఆడవాళ్ళకు గోల్ఫు సంగతులెందుకని నవ్వుకోకండి. కోటకీ గోల్ఫుకీ చుట్టరికం లేకపోలేదు. హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ వారి మైదానం గోల్కొండ నయా ఖిలాలోనే ఉంది. ఆ గోల్కొండ కూడా మొదట మన కాకతీయుల కోటే అంటారు. డబ్బున్నవాళ్ళ ఆట అన్న పేరు ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. కానీ అందులోని అసలు విద్య సగం మీకు ముందే వచ్చు. ఎక్కడ నేర్చారంటారా? బట్టల బండ దగ్గర.

తడిసిన దుప్పటి బరువు మీకు నేను చెప్పాలా! దాన్ని వట్టి చేతుల బలంతో బండకేసి బాదితే పది దెబ్బలకే భుజాలు పడిపోతాయి. చేయి తిరిగిన మనిషి అలా చెయ్యదు. ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ వేసి నిలబడుతుంది. దుప్పటి పైకి లేచేటప్పుడు ఒంటి బరువు వెనక కాలి మీద, దిగేటప్పుడు ముందు కాలి మీద. తుంటి ముందు కదులుతుంది, చేతులు దాని వెంబడి వస్తాయి. దుప్పటి చివర మాత్రం అన్నిటికన్నా ఆఖరున, అన్నిటికన్నా జోరుగా వచ్చి బండను తాకుతుంది.

గోల్ఫు దెబ్బా ఇంతే. కాకపోతే అక్కడ పాదాలు పక్కపక్కన ఉంటాయి, బరువు కుడి నుంచి ఎడమకి పోతుంది. కుడిచేతి వాటం మనిషి కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరుగుతాయి, తుంటి అందులో సగమే. బరువు కుడి పాదం లోపలి అంచున నిలవాలి. బయటి అంచుకు పోయిందా, ఒళ్ళంతా పక్కకు ఒరిగి దెబ్బ చెడుతుంది. ఇక దించేటప్పుడు చేతులు తొందరపడకూడదు. బరువు ఎడమ పాదం మీదికి రావాలి, తుంటి ఎడమకి తిరగాలి, తరవాత భుజాలు, తరవాత చేతులు, చివరికి కర్ర. బంతి 46 గ్రాములు కూడా తూగదు. దానికి కండలెందుకు? వరస తప్పకపోతే చాలు.

అమెరికాలో బెన్ హోగన్ అనే ఆటగాడు ఉండేవాడు. 1949లో ఆయన కారును బస్సు గుద్దింది, కటి ఎముక విరిగింది. మరుసటి ఏడే, కాళ్ళకు కట్లు కట్టుకుని, యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. కర్ర దించడం తుంటి తిప్పడంతోనే మొదలవాలని 1957లో తన పుస్తకంలో గట్టిగా చెప్పాడు. విరిగి లేచినవాడి మాట కనక నాకు నమ్మబుద్ధవుతుంది.

మన దేశంలో బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఉంది. మరీ దూరం కొట్టే పిల్ల కాదు. అయినా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె సంచీ మోసింది కన్నతల్లే!

మన ఇళ్ళల్లో మాత్రం "ఆడపిల్లవి, ఒళ్ళు తిప్పుతూ ఆ నడకేమిటే?" అని చిన్నప్పుడే బిగించేస్తాం. ఆ బిగింపు పెద్దయ్యాక నీళ్ళ బిందె దగ్గర బయటపడుతుంది. పాదాలు కదపరు, తుంటి కదపరు, బిందె ఎత్తి నడుం ఒక్కటే మెలితిప్పి పక్కన పెడతారు. తుంటి వేరు, నడుం వేరు సుమండీ! తుంటి కీలు గిన్నెలో గుండులాంటిది, తిరగడానికే పుట్టింది. నడుం దగ్గరి వెన్నుపూసలు వంగుతాయి గానీ కొద్దిగా తప్ప తిరగవు. బరువుతో వంగి, వాటినే తిప్పితే నొప్పి రాక ఏమవుతుంది? బిందె ఎత్తాక పాదాలు తిప్పండి, వాటితో మనిషంతా తిరగాలి.

గోల్ఫు నేర్పేవాళ్ళు చేయించే సాధన ఒకటుంది, కర్రతో పని లేదు. గోడకు వీపు పెట్టి బెత్తెడు దూరంలో నిలబడండి. చేతులు గుండెల మీద కట్టుకుని, మోకాళ్ళు కాస్త సడలించి, తుంటి దగ్గర కొద్దిగా ముందుకు వంగండి. కుడివైపు తిరిగితే కుడి పిరుదు గోడకు తగలాలి, ఎడమవైపు తిరిగితే ఎడమ పిరుదు. ఎడమకి తిరగడం పూర్తయ్యేసరికి కుడి మడమ దానంతటదే లేస్తుంది. రోజుకు పదిసార్లు చాలు. మీ కూతుళ్ళ చేత కూడా చేయించండి. ఇదివరకే నడుంనొప్పి ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. మధ్యలో వెన్ను కలుక్కుమంటే ఆపేయండి. తిరుగుతున్నది తుంటి కాదు, నడుమన్నమాట.