ప్రవక్త మాట, సంఘం సిద్ధాంతం

మత చరిత్ర మీద జరుగుతున్న ఈ సదస్సులో, లోకం మోర్మన్లని పిలిచే కడవరి-దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం గురించి ఒక్క ప్రశ్న తీసుకుంటాను. అక్కడ ఏది అధికారిక సిద్ధాంతం, ఏది నాయకుడి సొంత అభిప్రాయం? సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా నడిచే ఆ సంఘానికి 2012లో మన హైదరాబాదులోనే ఒక స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, ఏర్పడింది కాబట్టి ఈ విషయం మనకు మరీ పరాయిదేం కాదు. గ్రంథమే చివరి ప్రమాణమైన మతంలో వ్యాఖ్యాత తప్పితే ఆ తప్పు వ్యాఖ్యాతదే అని సరిపెట్టుకోవచ్చు. దేవుడు ఇప్పటికీ ప్రవక్తతో మాట్లాడతాడని నమ్మే మతంలో ప్రవక్తే తప్పితే ఏమనాలి? సిద్ధాంతానికీ అభిప్రాయానికీ మధ్య అక్కడ నిజంగానే ఒక గీత ఉందని నా వాదం. అయితే మాట్లాడినవాడి పదవిని చూస్తే ఆ గీత దొరకదు. ఆ మాట సంఘంలో ఏ దారిన నడిచి ఎక్కడిదాకా చేరిందో చూడాలి.

ఆ దారి ఎలాంటిదో ముందు చూద్దాం. సంఘానికి ప్రమాణ గ్రంథాలు నాలుగు: బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. వీటిలో కొత్తగా ఏదైనా చేరాలంటే ప్రవక్త ప్రకటించినంత మాత్రాన చాలదు; సర్వసభ్య సమావేశంలో సభ్యులు చెయ్యెత్తి సమ్మతించాలి. అమూల్యమైన ముత్యము 1880లో అలాగే ప్రమాణ గ్రంథమైంది. 1976లో మరో రెండు దర్శనాలు అలాగే చేరాయి. వ్యవస్థాపకుడు జోసెఫ్ స్మిత్ కూడా 1843లో, ప్రవక్త ఆ హోదాలో పనిచేస్తున్నప్పుడే ప్రవక్త అనే అర్థం వచ్చేలా మాట్లాడినట్టు ఆయన దినచర్యలో ఉంది. ఒక నాయకుడు ఒక సందర్భంలో అన్న ఒక్క మాట తరచుగా అతని అభిప్రాయమే అవుతుందని 2007లో సంఘమే ప్రకటించింది.

ఇదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని విమర్శకులు అంటారు. పాత బోధ ఇబ్బంది పెట్టినప్పుడల్లా దాన్ని సొంత అభిప్రాయం ఖాతాలో వేసేస్తారట. ఈ ఆక్షేపణలో బలం లేకపోలేదు. ఆదాము గురించి రెండో ప్రవక్త-అధ్యక్షుడు బ్రిగమ్ యంగ్ 1852లో చేసిన వివాదాస్పద బోధను తర్వాతి కాలపు అధ్యక్షుడు స్పెన్సర్ కింబల్ సభాముఖంగా తోసిపుచ్చింది 1976లో. ఒకటీ రెండూ కాదు, 124 ఏళ్లు పట్టింది! కానీ 1931 నాటి తగాదా వేరే సంగతి చెబుతుంది. ఆదాముకు ముందు భూమి మీద జీవమూ మరణమూ ఉన్నాయని బి. హెచ్. రాబర్ట్స్ వాదించాడు. ఆదాము పతనానికి ముందు మరణమే లేదని జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్ పట్టుబట్టాడు. ఇద్దరూ పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లే. ఇద్దరి వాదనలూ విన్న ప్రథమ అధ్యక్షత్వం, అంటే అధ్యక్షుడూ ఆయన ఇద్దరు సలహాదారులూ ఉండే అత్యున్నత మండలి, రెండింట్లో ఏదీ సంఘ సిద్ధాంతం కాదనీ, భూగర్భ శాస్త్రాన్నీ జీవశాస్త్రాన్నీ పరిశోధకులకు వదిలెయ్యమనీ చెప్పింది. ఎవరి పరువూ పోకముందే, వాదన వేడిగా ఉండగానే గీసిన గీత అది. దాన్ని తర్వాత పుట్టిన సాకు అనలేం.

ఇక్కడ ఒక పుస్తకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1958లో సంఘ నాయకుడు బ్రూస్ మెకాంకీ ఒక విషయకోశం వేసి దానికి 'మోర్మన్ సిద్ధాంతం' అని పేరు పెట్టాడు. అధ్యక్షత్వం తర్వాతి స్థాయిలో ఉండే పన్నెండుమంది అపొస్తలుల్లో ఆయన అప్పటికి ఇంకా ఒకడు కూడా కాదు. పుస్తకానికి బాధ్యత పూర్తిగా తనదేనని ముందుమాటలో రాశాడు. అట్ట మీద పేరు మాత్రం మరో సంగతి చెప్పింది. అధ్యక్షుడు డేవిడ్ మెకే ఇద్దరు అపొస్తలులకు ఆ పుస్తకాన్ని పరిశీలించే పని అప్పజెప్పాడు. వారిలో మార్క్ పీటర్సన్ 1,067 చోట్ల సవరణలు అవసరమన్నాడు. దాన్ని మళ్లీ అచ్చువేయకూడదని 1960లో నిర్ణయించారు. అయినా 1966లో సవరించిన ముద్రణ వచ్చింది, 2010 దాకా అమ్ముడైంది. ముందుమాట చదివేదెంతమంది? పుస్తకం పేరే ప్రమాణమై కూర్చుంది. ఈ విషయంలో తప్పు పాఠకుల మీదకు నెట్టడం నాకు న్యాయంగా తోచదు. సంఘం తన అసమ్మతిని గదిలోపలే ఉంచుకుంది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష నల్లజాతి పురుషులకు యాజకత్వం నిరాకరించడం. 1852లో బ్రిగమ్ యంగ్ బహిరంగంగా ప్రకటించిన ఈ ఆంక్ష 1978 జూన్ దాకా నడిచింది. ఇది వట్టి విధానం కాదు, ప్రభువు ఆజ్ఞ అని 1949లో ప్రథమ అధ్యక్షత్వమే రాసింది. కానీ ఎలైజా ఏబెల్ అనే నల్లజాతి సభ్యుడు జోసెఫ్ స్మిత్ కాలంలో, 1836లోనే, యాజకత్వం పొందాడు. ఆంక్షకు అప్పట్లో చెప్పిన కారణాలను 2013లో సంఘం తానే ప్రచురించిన ఒక వ్యాసంలో తోసిపుచ్చింది. సిద్ధాంతమంటే ప్రథమ అధ్యక్షత్వం, పన్నెండుమంది అపొస్తలులు, మొత్తం పదిహేనుమందీ బోధించేదని అపొస్తలుడు నీల్ ఆండర్సన్ 2012లో చెప్పిన కొలత బాగానే ఉంది గానీ, ఈ ఒక్క సందర్భంలో అది నిలవదు. ఆ ఆంక్షను పై స్థాయిలో దశాబ్దాలపాటు సమర్థించారు మరి. నిలిచేది చెయ్యెత్తే పద్ధతి ఒక్కటే. ఆంక్షను ప్రమాణ గ్రంథంలో చేర్చడానికి ఏనాడూ సభ్యుల సమ్మతి అడగలేదు. దాన్ని ఎత్తివేసిన ప్రకటనకు 1978 సెప్టెంబరు 30న అడిగారు, అది గ్రంథంలోకి ఎక్కింది. ఏకాభిప్రాయం అవసరమే, అదొక్కటే చాలదు.

ఇక నాకు తోచిన అతి బరువైన ఆక్షేపణ. జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్లజాతి విశ్వాసి, ఆ ఆంక్ష కారణంగానే తనకు అందని దేవాలయ విధుల కోసం ఏళ్ల తరబడి విన్నపాలు పెట్టుకుని, వాటిని పూర్తిగా పొందకుండానే 1908లో కన్నుమూసింది. ఆంక్ష గ్రంథంలో లేదని ఆమెతో అంటే ఏం ప్రయోజనం? నిజమే, ఏమీ లేదు. ఒక బోధ సిద్ధాంతమా కాదా అన్నదొక లెక్క, అది ఎవరి బతుకు మీద ఎంత బరువు మోపిందన్నది ఇంకో లెక్క. మొదటిది తేల్చి రెండోది కొట్టేయలేం. 2013 వ్యాసం కూడా పాత కారణాలను తోసిపుచ్చిందే గానీ, అసలు ఆ ఆంక్ష దేవుడి నుంచి వచ్చిందా, మనుషుల పొరపాటా అన్నది తేటతెల్లంగా చెప్పలేదు. మధ్యాహ్నం పత్రాలు సమర్పించే మిత్రులు చర్చను అక్కడినుంచే అందుకోవాలని కోరుతున్నాను.