బొమ్మ కింద ఎవరి పేరు?

(నెల్లూరు తీరప్రాంతంలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'స్త్రీలు - కళ' గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నేను అందులోంచి ఒక చిన్న ముక్కే తీసుకుంటాను. బొమ్మలు వేసే స్త్రీ తన బొమ్మను గ్యాలరీకి అమ్మకానికి ఇచ్చినప్పుడు ఏం జరుగుతుంది అన్నదే ఆ ముక్క. భూమి గురించీ కూలి గురించీ ఇంట్లో హింస గురించీ పనిచేసేవాళ్ళ సభలో ఈ గ్యాలరీల గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండేళ్ళ క్రితం వరకూ నాకూ అలాగే అనిపించేది.

ఇక్కడికి దగ్గరలోనే, సముద్రం ఒడ్డు ఊళ్ళో, కలంకారీ వేసే ఒకామె ఉంది. పుట్టిల్లు శ్రీకాళహస్తి. పెళ్ళై ఈ వైపు వచ్చింది. ఆమె పేరు నేను చెప్పడం లేదు. గ్యాలరీతో లెక్క ఇంకా తేలలేదు. "నా పేరు బొమ్మ కింద ఉండాలక్కా, తగాదాలో ఎందుకు?" అంది. అందుకని 'ఆమె' అనే అంటాను.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే కలంతో వేసేదని మీకు తెలుసు. మచిలీపట్నం, పెడన వైపు అచ్చులతో అద్దుతారు. ఇక్కడ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి, చింతబొగ్గుతో గీతలు గీసి, వెదురు కలంతో నల్లరంగు పెడతారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి తీసేదే ఆ నల్లరంగు. తర్వాత పటిక, ఎరుపు, పసుపు, నీలం. ఒక్కో రంగుకీ ఉతుకు. ఉతకడానికి పారే మంచినీళ్ళు కావాలి. అక్కడ ఆ ఉతుకు జరిగే స్వర్ణముఖి నది నాయుడుపేట మీదుగా వచ్చి ఈ తీరంలోనే సముద్రంలో కలుస్తుంది. కానీ ఆమె ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పన. తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది గానీ ఆమె బోరుకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఉప్పు నీళ్ళలో ఎరుపు నిలవదంటుంది. గుడ్డల మూట కట్టుకుని బస్సెక్కి పుట్టింటికి పోయి ఉతుక్కొస్తుంది. ఈ బస్సు చార్జీ ఏ గ్యాలరీ లెక్కలోకీ రాదు.

పుట్టింట్లో ఉన్నప్పుడు ఆమె పని రంగులు నింపడం. గీతలు తండ్రీ అన్నా గీసేవాళ్ళు. నేను తిరిగిన చాలా ఇళ్ళలో శ్రమ విభజన ఇలాగే ఉంది. గీసినవాడు కళాకారుడు, నింపినవాళ్ళు 'ఇంట్లోవాళ్ళు'. పెళ్ళయ్యాక ఆమె సొంతంగా గీయడం మొదలుపెట్టింది. అవి రామాయణం బొమ్మలు కావు. సరుగుడు తోపులు, వల బాగుచేసే ముసలాయన, చేపల గంప దించి బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు. చీర మీద వేస్తే ఎవరూ కొనలేదు. ఎవరో చెబితే ఒక నగరంలోని గ్యాలరీకి ఐదు బొమ్మలు పట్టుకెళ్ళింది. వాళ్ళకు నచ్చాయి. ఉంచి వెళ్ళమన్నారు. రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక '5 పీసులు' అని రాసిచ్చారు. తేదీ లేదు, ధర లేదు, సంతకం లేదు.

ఏడాదిన్నర గడిచింది. దూరపు బంధువు ఒకడు ఏదో హోటల్లో పెళ్ళికి వెళ్ళి, గోడమీద బొమ్మ చూసి ఫోటో పంపాడు. గంపల ఆడవాళ్ళ బొమ్మ. కింద ఇత్తడి రేకు మీద 'కలంకారీ, ఆంధ్రప్రదేశ్' అని ఉంది.

ఫోన్ చేస్తే, అవునమ్మా రెండు అమ్ముడయ్యాయి, అన్నీ అమ్ముడయ్యాక ఒకేసారి ఇద్దామనుకున్నాం అన్నారు. ఒక్కో బొమ్మ ధర ఇరవై నాలుగు వేలు. అందులో సగం కమీషన్. ఫ్రేముకు 3,500, రవాణాకు 1,200, ప్రారంభోత్సవానికీ ఆహ్వాన పత్రికలకూ ఆమె వంతు 1,800. చేతికి 5,500. రెండింటికీ కలిపి పదకొండు వేలు. అదీ ఆమె చేతికి రాలేదు. గ్యాలరీవాళ్ళు మాట్లాడింది ఆమె భర్తతో, డబ్బు వేసింది ఆయన ఖాతాలో. "ధర ఎంత పెట్టారో ముందే అడగలేదా?" అన్నాను. "అడిగితే మళ్ళా తీసుకోరేమోననీ... మీరైతే అడగతారక్కా, మాకు ఎట్టా?" అంది.

కోపం తెచ్చుకునే ముందు ఒక మాట. గ్యాలరీ కమీషన్ తీసుకోవడమే అన్యాయం అని నేను అనను. మూడో వంతు నుంచి సగం దాకా తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. అద్దె ఉంది, కరెంటు ఉంది, కొనేవాళ్ళను వెతికి పట్టుకోవడం ఉంది. మనకు అక్కడికి దారి లేదు, వాళ్ళకు ఉంది. నన్ను బాధపెట్టింది ఆ సగం కాదు. తన బొమ్మ ఎంతకు, ఎప్పుడు, ఎవరికి అమ్ముడైందో తెలియకపోవడం, బొమ్మ కింద ఆమె లేకపోవడం.

ఈ రెండూ వేర్వేరు సంగతులని మొదట అనుకున్నాను. ధర డబ్బు విషయం, పేరు గౌరవం విషయం అని. కాదు. బజారులో చేతిపనికి మీటరు లెక్కన, రోజు కూలి లెక్కన ధర కడతారు. కళకు ధర పేరును బట్టి కడతారు. అదే గుడ్డ, అవే రంగులు, అదే చెయ్యి. పేరు తీసేస్తే చిత్రం గుడ్డ అయిపోతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, మంచిదే. నకిలీ అచ్చు గుడ్డను శ్రీకాళహస్తి కలంకారీ అని అమ్మకుండా అది పనికొస్తుంది. కానీ అది కాపాడేది ఊరి పేరును. బొమ్మ గీసిన స్త్రీ పేరు దాని పని కాదు.

మన రాష్ట్రంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. మీలో కొందరు చదివే ఉంటారు. వేలమంది స్త్రీలు ప్రపంచ మార్కెట్టు కోసం లేసు అల్లుతుంటే, వాళ్ళను 'తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు' అన్నారు. ఎగుమతి వ్యాపారులు మగవాళ్ళు. గృహిణి అన్న ఒక్క మాటతో కూలి ఎంత కిందికి దిగగలదో ఆ పుస్తకం చూపించింది. మా ఆమె రేషన్ కార్డులోనూ గృహిణే. హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే 'పహచాన్' గుర్తింపు కార్డు ఆ ఇంట్లో ఉంది, భర్త పేరు మీద. ఆయన వెదురు కలం పట్టగా నేను చూడలేదు.

ఇక్కడ నా తప్పూ చెప్పుకోవాలి. నా పరిశోధనలో ఈ ప్రాంతపు బొమ్మల ఫోటోలు పదిహేను దాకా వాడాను. ప్రతిదాని కిందా 'ఒక కలంకారీ మహిళా కార్మికురాలి పని' అని రాశాను. పేరు చెప్పకపోవడం సమాచారం ఇచ్చినవాళ్ళకు రక్షణ అని మాకు నేర్పారు, నేనూ నా విద్యార్థులకు నేర్పాను. ఆమెకు ఆ పేజీలు చూపించినప్పుడు ఒకదాని మీద వేలు పెట్టి, "ఇది మా వదినది. ఆమె పేరు రాయడానికి చోటు చాల్లేదా అక్కా?" అంది. ఇత్తడి రేకు చేసినవాడికీ నాకూ తేడా ఏమిటని ఆ రాత్రంతా ఆలోచించాను. స్త్రీల అదృశ్య శ్రమ గురించే రాస్తూ అదృశ్యం చేశాను.

అందరూ ఓడిపోతున్న కథ కాదులెండి ఇది. ఇదే తీరం వెంట దక్షిణంగా వెళ్తే, చెన్నైలో, ఇంజంబాకం దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో 1966లో మొదలైంది. చిత్రకారులు బాటిక్ లాంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బుతో భూమి కొనుక్కుని, తమ గ్యాలరీ తామే పెట్టుకున్నారు. చేతిపని కళకు తిండి పెట్టింది. అర్ణవాజ్, అనిలా జాకబ్ లాంటి స్త్రీలూ అక్కడి నుంచే పేరు తెచ్చుకున్నారు. అయితే వాళ్ళకు కళాశాల చదువుంది, నలుగురు తోడున్నారు. ఒంటరిగా మూట కట్టుకుని బస్సెక్కే స్త్రీకి చోళమండలాన్ని ఆదర్శంగా చూపించి ఊరుకుంటే అది వెక్కిరింతే అవుతుంది.

కాబట్టి చట్టం ఏమంటుందో చూద్దాం. 'అమ్మి పెట్టండి' అని బొమ్మ ఇస్తే గ్యాలరీ మన ఏజెంటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షను ప్రకారం అడిగినప్పుడు లెక్క చెప్పడం ఏజెంటు బాధ్యత. 218 ప్రకారం తనకు రావలసింది మినహాయించుకుని మిగతా డబ్బు ఇవ్వాలి. అన్నీ అమ్ముడయ్యాక ఇస్తామని, ముందు ఒప్పుకోకుండా, వాళ్ళంతట వాళ్ళు అనడానికి లేదు. తన దగ్గర ఉన్న వస్తువును వివేకమున్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూడాలని 151 చెబుతుంది. ఆమె బొమ్మలు రెండు తిరిగొచ్చాయి. ఒకదాని మీద చెమ్మ మరక. 'నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే తిప్పి పంపుతాం' అని కొనేవాళ్ళే తీసుకుంటే అది వేరు. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 24వ సెక్షను కిందికి వస్తుంది. గడువు పెట్టి ఉంటే, ఆ గడువులోగా వద్దనకపోతే కొన్నట్టే. అందుకే గడువు రాయించుకోవాలి. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే, చిక్కంతా రుజువు దగ్గర.

బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైటు పోదు. దాన్ని ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళే. హోటలువాళ్ళు ఆ బొమ్మను మెనూ కార్డు మీద వేసుకోవాలంటే ఆమెను అడగాలి. ఇక 57వ సెక్షను ప్రకారం ఇది నేను వేసింది అని చెప్పుకునే హక్కు కాపీరైటు అమ్మేసినా ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో తన కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసిన ప్రభుత్వం మీదే గెలిచారు. 1979లో తీసేస్తే 2005లో తీర్పు వచ్చింది, ఐదు లక్షల పరిహారంతో. పాతికేళ్ళు పైగా! ఆయనకు పేరుంది కాబట్టి అంతకాలం నిలబడగలిగారు.

53ఏ అని ఇంకొకటుంది. కళాకారులు అమ్మిన అసలు చిత్రాన్ని తర్వాత ఎవరైనా పదివేలకు పైగా తిరిగి అమ్మితే, అందులో పది శాతం మించకుండా వాటా అడగవచ్చు. వాడుకున్నవాళ్ళు అరుదు. అమృతా షేర్‌గిల్ బతికుండగా బొమ్మలు అమ్ముకోవడానికి అవస్థ పడింది. హైదరాబాదులో సాలార్ జంగ్ కూడా కొనలేదు. 2023లో ఆమె చిత్రం ఒకటి వేలంలో 61.8 కోట్లు పలికింది. మన ఊరి బొమ్మకు కోట్లు వస్తాయని కాదు. రెండోసారి అమ్మకంలో వాటా అడగాలన్నా, మొదట అది ఎవరిదో తెలియాలి.

ఇంత చట్టం విన్నాక ఆమె ఏమందో తెలుసా? "పొదుపు పుస్తకం మాదిరి రాయించుకుంటే సరిపోద్ది కదక్కా." నాకు తట్టలేదు ఆ మాట. 1992లో సారాకు వ్యతిరేకంగా దూబగుంట నుంచి లేచిన స్త్రీల జిల్లా ఇది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ తర్వాత ఇక్కడే పొదుపు లక్ష్మి గుంపులు రోజుకో రూపాయి దాచాయి, ప్రతి రూపాయీ పుస్తకంలో ఎక్కింది. ఆమె అత్తగారు ఆ గుంపులో సభ్యురాలు. రూపాయికి లెక్క అడిగిన ఇంటి నుంచి ఐదు బొమ్మలు విజిటింగ్ కార్డు మీద వెళ్ళిపోయాయి. మార్ట్‌లాగా మెరిసే గాజు తలుపు చూస్తే నోరు ఎందుకు పడిపోతుందో, దాని మీద మనం ఇంకా ఆలోచించవలసి ఉంది.

మేమిద్దరం కూర్చుని ఒక పేజీ కాగితం తయారుచేశాం, తెలుగులో. బొమ్మ కొలత, ఫోటో, అమ్మే ధర, కమీషన్ ఎంత, ఫ్రేము ఖర్చు ఎవరిది, ఎన్ని నెలలు ఉంచుకుంటారు, అమ్ముడైన ఎన్నిరోజులకు డబ్బు, ఎవరి ఖాతాలో, కింద ఏ పేరు. ఆ చివరి దాని దగ్గర రెండు గంటలు ఆగిపోయాం. పుట్టింటి ఇంటిపేరా, అత్తింటిదా? చివరికి ఇంటిపేరు వదిలేసి తన పేరూ, ఊరి పేరూ పెట్టుకుంది. ఏ ఊరు అన్నదానికి మళ్ళీ ఆలోచించి ఈ ఊరే రాసింది. గుడ్డ అంచున, ఆ నల్లరంగుతోనే సంతకం చేస్తుంది ఇప్పుడు. ఉతికినా పోదు.

ఈసారి వేరే గ్యాలరీకి నాలుగు బొమ్మలు తీసుకెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు, వద్దంది. నలభై శాతానికి ఒప్పుకుని మూడింటికి సంతకం పెట్టారు. నాలుగో దానికి ధర సగం తగ్గించమన్నారు. తగ్గించనని వెనక్కి తెచ్చుకుంది. పాత గ్యాలరీ దగ్గర ఐదో బొమ్మ ఏమైందో ఇంకా చెప్పలేదు. 213వ సెక్షను కింద ఉత్తరం రాశాం, రిజిస్టరు పోస్టులో.

వెనక్కి తెచ్చుకున్న ఆ నాలుగో బొమ్మే మీ వెనక గోడమీద ఉంది. భోజనాల దగ్గర ఆమె కూడా ఉంటుంది. ధర నన్నడక్కండి, ఆమెనే అడగండి.