జంట గళాల జ్ఞాపకం

ఒక్క గొంతు బాగా పాడితే విని మెచ్చుకుంటాము. రెండు గొంతులు కలిసి పాడినప్పుడు మెచ్చుకోవటంతో తృప్తి పడము. ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవాలని చూస్తాము. పోల్చుకోలేకపోయినప్పుడే మనకు ఎక్కువ ఆనందం కలగటం జంట గానంలోని విచిత్రం. అక్కాచెల్లెళ్ళో, అన్నదమ్ములో పాడుతున్నప్పుడు ఈ విచిత్రం మరీ ఎక్కువ. ఒకే ఇంట పుట్టి, ఒకే తల్లి మాటను అనుకరించి, ఒకే చోట ఊపిరి తీసుకోవటం నేర్చిన గొంతులు అవి. బయటివారు ఎంత సాధన చేసినా ఆ సామీప్యం సులభంగా పట్టుబడదు.

తెలుగు ఇళ్ళకు రేడియో పరిచయం చేసిన అటువంటి తొలి జంటలలో వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి సోదరీమణులది ముఖ్య స్థానం. అనసూయాదేవి గారు 1920 మే 12న కాకినాడలో జన్మించారు. సీతాదేవి గారు ఆమెకు చెల్లెలు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు వారికి మేనమామ. కనుక భావకవిత్వం వారికి పుస్తకాలలో కంటె ముందు ఇంటి మాటలలోనే వినిపించి ఉంటుంది. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. ఆ కేంద్రం తెలుగువారికి అందించిన లలిత గేయాలలో, పల్లెపాటలలో ఈ సోదరీమణుల గానానికి ప్రత్యేకమైన ఆదరణ లభించింది. శాస్త్రీయ సంగీత కచేరికి తప్ప మరొకదానికి సభామర్యాద లేదనుకునే రోజులవి. ఆ రోజులలో నాట్లపాటను, దంపుడుపాటను, జోలపాటను పట్టణాల వేదికల మీదికి, మైకు ముందుకు తెచ్చి, ఇదీ సంగీతమేనని ఒప్పించిన వారిలో వీరు అగ్రగణ్యులు.

రామాయణంలో అత్రి మహర్షి ఆశ్రమంలో వృద్ధురాలైన అనసూయ సీతకు వాడని పూలమాలను, మాయని వస్త్రాలను ఇస్తుంది. ఈ అనసూయ ఈ సీతకు ఇచ్చింది పాట. ఆ పాటను ఇద్దరూ కలిసి మనకు ఇచ్చారు.

వారిని విన్నవారి జ్ఞాపకాలను సేకరించే పనిమీద మేము ఇటీవల నందికొట్కూరు వెళ్ళాము. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, నాటినుంచి నంద్యాల జిల్లాలో చేరిన ఊరు ఇది. కర్నూలు–కడప కాలువ నీరు పారిన మేర వరి, పారని మేర జొన్న, శనగ కనిపిస్తాయి. కాకినాడకు చెందిన అక్కాచెల్లెళ్ళ పాటకు ఇంత దూరాన, ఈ మెట్ట నేలలో, ఎవరు గుర్తుగా మిగిలి ఉంటారని మాతో వచ్చిన మిత్రుడు అనుమానించాడు. ఆ అనుమానం మొదటి అరుగు మీదనే తీరిపోయింది.

ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన ఒక పెద్దమనిషి మాకు మొదట తటస్థపడ్డారు. వారి చిన్ననాట ఆ వీధిలో ఒకే రేడియో ఉండేదట. అది ఒక బట్టల వర్తకుని ఇంట ఉండేది. పగలు వినిపించని కేంద్రాలు చీకటి పడగానే వినిపించేవని ఆయన ఇప్పటికీ ఆశ్చర్యంతోనే చెప్పారు. మధ్యతరంగాలు రాత్రివేళ ఆకాశంలోని పై పొరలను తాకి తిరిగి నేలకు దిగుతాయి కనుక అలా వినిపించటం సహజమే. అయితే అరుగు మీద కూర్చున్న పిల్లలకు ఆ శాస్త్రం తెలియదు. మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు రాత్రి కాగానే తమ ఊరికి నడిచి వస్తాయని వారు అనుకునేవారట. 1963లో కడప కేంద్రం వచ్చిన తరువాత గాని పట్టపగలు స్పష్టమైన ధ్వని తమకు అలవాటు కాలేదని ఆయన అన్నారు. "గరగర మధ్య విన్న పాటే మేలు సార్. చెవి ఒగ్గి వింటిమి గనక గుర్తుండిపోయింది" అని కూడా అన్నారు.

రెండవవారికి పంచాయతీ రేడియోతో సంబంధం ఉన్నది. కుర్రవాడుగా ఉన్నప్పుడు సాయంకాలం దానిని మోగించి, కార్యక్రమం కాగానే కట్టివేసే పని ఆయనకు అప్పగించారట. ఒకనాడు అక్కాచెల్లెళ్ళ పాట వస్తున్నదని వేళ మించినా కట్టలేదు. బ్యాటరీ దండుగ అయిందని పెద్దలు చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లు మాటకు మాటగా ఆయన మాకు వినిపించారు. పాట ఏదని అడిగితే మాత్రం చాలాసేపు ఆలోచించి నవ్వి ఊరుకున్నారు.

జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. ఆ జంటను 'అనసూయ–సీత' అనేవారని ఒకరు, కాదు, 'సీత–అనసూయ' అనేవారని మరొకరు మా ఎదుటనే వాదించుకున్నారు. పైస్థాయి గొంతు అక్కదని ఒకరు, చెల్లెలిదని మరొకరు పందెం వేశారు. ఇంకొకరు ఈ సోదరీమణుల గురించి మొదలుపెట్టి, తమకు తెలియకుండానే ఎ.ఎం. రాజా, జిక్కి దంపతుల సినిమా పాటలలోకి వెళ్ళిపోయారు. రాజా గారు చిత్తూరు జిల్లావారు కనుక ఆయనపై రాయలసీమ అభిమానం ఒక పాలు ఎక్కువే. మేము ఎవరినీ సరిదిద్దలేదు. తారీఖులు తప్పినా, తాము ఆ పాటను ఎక్కడ నిలబడి విన్నదీ, పక్కన ఎవరు ఉన్నదీ వీరిలో ఒక్కరూ తడబడలేదు.

జంట గానాన్ని ప్రేమించటం మన దేశపు సొత్తు మాత్రమే కాదు. అమెరికాలో డాన్ ఎవర్లీ, ఫిల్ ఎవర్లీ అనే అన్నదమ్ములు ఉండేవారు. వారి తల్లిదండ్రులు అయోవా రాష్ట్రంలోని షెనాండోవా అనే చిన్న ఊరి రేడియో కేంద్రంలో పాడుతూ, పసివారైన కొడుకులను కూడా మైకు ముందు నిలబెట్టారు. 1957 నాటికి ఆ పిల్లలే రాకెన్‌రోల్ సంగీతంలో దేశమంతా ఎరిగిన జంట అయ్యారు. వారి పద్ధతి వేరు. ఒకే వరుసను ఇద్దరూ ఒకే స్థాయిలో పాడటం మన అలవాటు. వారిలో అన్న పాట నడిపిస్తే, తమ్ముడు తరచుగా దానికి రెండు మెట్లు పైన, అంటే అన్న షడ్జంలో ఉంటే తాను గాంధారంలో ఉండి, అడుగుకు అడుగు కలుపుతూ నడిచేవాడు. రెండు స్వరాలు, రెండు గొంతులు, అయినా వినేవానికి ఒక్కటే పాట. బీటిల్స్ బృందం వారు కూడా ఆ పద్ధతికి ఋణపడినవారే.

అంత దగ్గరగా పాడినవారు 1973లో ఒక కచేరి నడుమ వేదిక మీదనే విడిపోయారు. తమ్ముడు గిటారు విరుగగొట్టి వెళ్ళిపోయాడు. మిగిలిన కచేరిని అన్న ఒక్కడే పూర్తిచేశాడు. పది సంవత్సరాలు కలిసి పాడలేదు. 1983లో లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో మళ్ళీ ఒక్కచోట నిలబడ్డారు. ఫిల్ 2014లోనూ, డాన్ 2021లోనూ కాలం చేశారు. రక్తసంబంధం గొంతులను కలిపినంత సులభంగా మనసులను కలుపదు కాబోలు. అయినా ఒక్కరు పాడితే అది ఆ పాట కాదని ఆ పదేళ్ళూ వారి అభిమానులకు తెలుసు.

ఈ సంగతిని నందికొట్కూరులో మాకు మరొక విధంగా చెప్పిన ముసలమ్మ ఒకరు ఉన్నారు. ఆమె ఎవర్లీ సోదరుల పేరు విననిది. వింజమూరి వారి పేరు విన్నది. వారి పాటను మొదటిసారి విన్ననాడు తనకు కోపం వచ్చిందట.

"మేము తిరగలికాడ పాడుకునే పాటే అది. మా యాస తీసేసి, నున్నగ చేసి పాడిరి. మా పాట మాదిరే ఉంది గాని, మాది గాదనిపించె" అన్నది.

ఈ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. పల్లెపాటను వేదికకు తెచ్చినప్పుడు దానికి కొంత సానపట్టక తప్పదు. ఆ సానలో యాస కొంత రాలిపోవటం, ఒక సీమ పాట మరొక సీమ పలుకుతో వినిపించటం జరుగుతుంది. రేడియోలో పనిచేసే మేము ఈ నిజాన్ని దాచుకోరాదు. అయితే ఆమె అంతటితో ఆగలేదు. కొన్నాళ్ళకు తన అత్తగారే పిలిచి, రేడియోలో పాడేది మీ పాటే గదా, మీరూ పాడండి అన్నదట. అంతవరకు మగవారు ఇంట ఉంటే తిరగలి పాట గొంతులోనే ఉండేది. ఆనాటినుంచి పైకి వచ్చింది. నున్నగా చేసిన పాటే గరుకు పాటకు ధైర్యం ఇచ్చింది.

తిరగలికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకే పిడిని ఇద్దరూ పడతారు. ఒకరు చరణం అందుకుంటే రెండవవారు ఊపిరి పీల్చుకుంటారు. రాయి బరువెక్కినచోట ఇద్దరూ కలిసి పాడతారు. మన జంట గానానికి పాఠశాల అదే. ఈ ముసలమ్మకు ఎదురుగా కూర్చున్నది ఆమె సొంత చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. చెల్లెలు పోయి చాలా కాలమైంది.

ఒక్క పాట వినిపించమని కోరాము. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒక్కదాన్నే యాడ పాడేది నాయనా? నాకాడ ఉండేది సగమే. తక్కిన సగం ఆయమ్మ తీసకపాయె" అన్నది.

అది వినయం కాదు, ఉన్న మాట. చరణాలను ఇద్దరూ పంచుకొని పాడినందువల్ల, చెల్లెలి వంతు చరణాలు ఆమెకు నిజంగానే సరిగా రావు.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన ఒక విషయం ఒప్పుకోవాలి. తొలినాళ్ళలో రేడియో పాటలు చాలావరకు ప్రత్యక్ష ప్రసారాలు. పాడినవి పాడినట్లే గాలిలో కలిశాయి. తరువాత టేపు వచ్చింది. అది ఖరీదైన వస్తువు కనుక, ప్రసారం కాగానే తుడిచి దాని మీదనే మరొకటి ఎక్కించేవారు. మేము పనిచేసిన ఒక కేంద్రంలో పాత జంట గేయాల పేరు రాసిన డబ్బా ఒకటి మా చేతికి వచ్చింది. ఎంతో ఆశతో యంత్రానికి ఎక్కించాము. లోపల ఎరువుల గురించిన ప్రసంగం ఉన్నది. తుడిచినవారిని తప్పుపట్టలేము, ఆనాటి రైతుకు ఆ ప్రసంగమూ అవసరమే. కాని ఆ పాట ఇప్పుడు విన్నవారి మనసులో తప్ప మరెక్కడా లేదు. వారూ వెళ్ళిపోతున్నారు.

హైదరాబాదు కేంద్రంలో జానపద సంగీత శాఖలో పనిచేసి, 1970ల చివర నిర్మితమైన 'మా భూమి' చిత్రానికి సంగీతం సమకూర్చినవారిలో ఒకరైన సీతాదేవి గారు 2016లో పరమపదించారు. అక్క అనసూయాదేవి గారు 2019 మార్చి 23న అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. వారు తాము సేకరించిన పాటలను గ్రంథరూపంలో ప్రకటించి వెళ్ళారు కనుక, వారి సంపద కొంతైనా మనకు దక్కింది. నందికొట్కూరు ముసలమ్మ సంపదకు గ్రంథం లేదు.

మేము బయలుదేరబోతుండగా ఆమె కబురుపెట్టింది. పక్క వీధిలోని ఈడుగల మరొక స్త్రీని పిలిపించి, పెరటిలో పూలకుండీకి పీటగా పడి ఉన్న తిరగలి రాయిని కడిగించి ఉంచింది. ఆ రెండవ ఆమెకు పాట ఈ ఇంటి వరుసలో కాక తన పుట్టింటి వరుసలో వచ్చు. గొంతులు కలవలేదు. రెండుచోట్ల పాట ఆగిపోయింది. ఒకచోట ఇద్దరూ నవ్వారు. రాయి బరువెక్కే చరణం వద్ద మాత్రం రెండు గొంతులూ ఒక్క క్షణం ఏది ఎవరిదో తెలియనట్లు కలిసిపోయాయి.

దానిని ఉన్నది ఉన్నట్లుగా, ఆగినచోట్లతో, నవ్వుతో సహా భద్రపరచాము. నున్నగా చేయలేదు. దాని మీద ఇద్దరి పేర్లూ, పాటను సగం తీసుకువెళ్ళిన చెల్లెలి పేరూ రాశాము.

శ్రోతలకు ఒక విన్నపం. మీ ఇంట కూడా ఇద్దరు కలిసి పాడిన పాట ఒకటి ఉండి ఉంటుంది. అక్కాచెల్లెళ్ళదో, తోడికోడళ్ళదో, భజనలో గొంతు కలిపిన అన్నదమ్ములదో కావచ్చు. ఆ ఇద్దరూ ఉన్నంతలోనే వారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి పాడించండి. ఈనాడు పాటను పట్టి ఉంచే యంత్రం ప్రతివారి జేబులోనూ ఉన్నది. ఎవరి వంతు ఏదో అడిగి రాసిపెట్టుకోండి. ఒకరు వెళ్ళిపోయిన తరువాత అడిగితే, రెండవవారు మీకు ఇవ్వగలిగింది సగమే.