వరద కబురు మనమే రాసుకుందాం: హెచ్‌టీఎంఎల్ మొదటి పాఠం

(వార్షిక సర్వసభ్య సమావేశంలో, కంప్యూటర్ నేర్చుకున్న సభ్యుల తరపున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మేము కొంతమందిమి హెచ్‌టీఎంఎల్ మొదటి పాఠాలు నేర్చుకున్నాం. ఈ మాట వినగానే "మనకెందుకమ్మా, చదువుకునే పిల్లలు చూసుకుంటారు" అంటారేమో. అందుకని ముందు అవసరం చెప్పి, తర్వాత పాఠం చెబుతాం.

పోలవరం వాళ్లం కదండీ, గోదావరి సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జులైలో 71.3 అడుగులు. అక్కడ పెరిగిన నీరు మన ముందు నుంచే ధవళేశ్వరం వెళ్లాలి. ఆ రోజుల్లో మన ఫోన్లకి వచ్చే కబుర్లలో చాలావరకు ఫొటోలే. కొన్నిటి మీద తేదీ ఉండదు. నిన్నటిదో, నిరుటిదో తెలీదు. తప్పుంటే దిద్దడానికి వీల్లేదు, అప్పటికే వంద ఫోన్లకి పాకిపోయి ఉంటుంది. చదువు రాని పెద్దమ్మకి ఫోను చేత చదివించి వినిపిద్దామంటే, ఫొటోలోని అక్షరాలని అది సరిగా చదవలేదు.

అదే కబురుని అక్షరాలుగా ఒక పేజీలో రాసి పెడితే? అంకె మారినప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు, ఆ తర్వాత తెరిచిన ప్రతి ఒక్కరికీ కొత్త అంకే కనిపిస్తుంది. తెలుగులో చదివి వినిపించే సౌకర్యం ఉన్న ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. ఫొటోలు లేని పేజీ చాలా తేలిక కాబట్టి, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఏజెన్సీ ఊళ్లలో కూడా తెరుచుకుంటుంది. అలాంటి పేజీ రాసే పద్ధతే హెచ్‌టీఎంఎల్.

ఇది స్విట్జర్లాండులోని జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో పుట్టింది. అక్కడ పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో ఈ వెబ్ ఆలోచనని రాసిచ్చారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీన్ని అందరూ ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. కాబట్టి దీన్ని నేర్చుకోవడానికి, రాయడానికి ఎవరికీ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో ఉండే నోట్‌ప్యాడ్ చాలు.

ఇక పాఠం. ట్యాగ్ అంటే చీటీ. పచ్చడి సీసాల మీద 'మాగాయ', 'గోంగూర' అని చీటీ అంటిస్తాం కదా, అలాగే ప్రతి మాటకీ 'ఇది శీర్షిక', 'ఇది పేరా' అని చీటీ పెడతాం. చిన్నప్పుడు లెక్కల్లో నేర్చుకున్న తక్కువ, ఎక్కువ గుర్తుల మధ్య ఆ చీటీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ముందొక చీటీ తెరుస్తుంది, చివరొక చీటీ మూస్తుంది. మూసే చీటీలో పేరుకి ముందు ఒక ఏటవాలు గీత ఉంటుంది, అంతే తేడా. మన తీర్మానాల పుస్తకంలో తేదీతో మొదలుపెట్టి సంతకాలతో ముగించినట్టే. ముగించకపోతే ఒక తీర్మానం ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలీదు. పెద్ద శీర్షిక ట్యాగ్ మూయకపోతే, దాని కింద రాసినదంతా కూడా పెద్ద అక్షరాల్లో వచ్చేస్తుంది.

మొదట ఈ కొద్ది ట్యాగులు వస్తే చాలు. 'హెచ్1' పెద్ద శీర్షికకి. అందులో 'గోదావరి వరద సమాచారం' అని రాస్తాం. 'పి' పేరాకి. అందులో తేదీ, గంట, ఎవరు ప్రకటించారో రాస్తాం. 'యూఎల్' జాబితాకి, దాని లోపల ఒక్కో అంశానికి ఒక్కో 'ఎల్ఐ'. ఇల్లు వదిలేటప్పుడు వెంట తీసుకోవాల్సినవి ఇందులో పెడతాం: ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకాలు, రోజూ వేసుకునే మందులు. 'ఏ' ట్యాగ్ లింకుకి. దానిలో 112 నంబరు పెడితే, వేలితో నొక్కగానే ఫోను ఆ నంబరు చూపిస్తుంది.

'టేబుల్' అంటే పట్టిక. పొదుపు పుస్తకం రాసే మనకి ఇది కొత్త కాదు. 'టీఆర్' అడ్డవరస, 'టీహెచ్' పైన గడి పేరు, 'టీడీ' మామూలు గడి. మేము ఇందులో ప్రమాద హెచ్చరికలు రాశాం. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటిది 10 లక్షల క్యూసెక్కులు, రెండోది 13 లక్షలు, మూడోది 17 లక్షలు. ఒకచోట అడుగులు, ఒకచోట క్యూసెక్కులు. ఈ రెండూ కలగలిపి చెప్పుకోవడం వల్లే చాలాసార్లు గాభరా పడతాం. గడి పేరు సరిగా పెడితే ఆ గందరగోళం పోతుంది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, తెలుగు అక్షరాలు. డీటీపీ సెంటర్లో పాత పద్ధతి ఫాంటులో కొట్టిన తెలుగుని తెచ్చి అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్ తెలుగులోనే కొట్టాలి. పేజీ పైభాగంలో 'మెటా' ట్యాగ్‌లో యూటీఎఫ్-8 అని రాయాలి. ఫైలు పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని ఇంగ్లీషులో చేర్చి దాచాలి. అప్పుడు మన కంప్యూటర్లో పేజీ కనిపిస్తుంది. ఊళ్లో అందరికీ కనిపించాలంటే ఆ ఫైలుని ఇంటర్నెట్‌లో ఒక సర్వర్ మీద పెట్టాలి.

రెండోది ఇంకా ముఖ్యం. సభ్యుల ఆధార్ నంబర్లు, అప్పు నిలవలు, ఇంటి వివరాలు ఇలాంటి పేజీలో ఎప్పుడూ పెట్టకూడదు. వరద అంకెలు కూడా అధికారులు ప్రకటించినవే రాయాలి, మన ఊహలు కాదు.

గోదావరి ఒడ్డున సాయంత్రం చీకటి పడ్డాక "నీళ్లు ఎంత వరకు వచ్చాయంట?" అని ఒకరినొకరం అడుగుతాం. ఆ ప్రశ్నకి జవాబు ఎవరో పంపిన ఫొటో కోసం చూడకుండా, మన సంఘం ఆడవాళ్లే తేదీ, గంట వేసి రాయగలగాలి. మా కోరిక అంతేనండి.

కాబట్టి సమాఖ్యకి మా ప్రతిపాదన: ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు సభ్యుల పేర్లు ఇవ్వండి. పునరావాస కాలనీలకి మారిన సంఘాల నుంచి కూడా ఇవ్వండి. ఇంగ్లీషు బాగా రానక్కర్లేదు, అక్షరాలు గుర్తుపడితే చాలు. కంప్యూటర్ లేనివాళ్లు ముందు నోటుపుస్తకంలోనే ట్యాగులు రాసి చూసుకోవచ్చు, మేమూ అలాగే మొదలుపెట్టాం. జూన్‌లో వానలు పడేలోగా నేర్చుకుంటే, ఈ ఏటి వరద కబురు మన పేజీలోనే చదువుకుందాం.