యువజనుల మద్యపానము: బీజమును క్షేత్రమును



త్రాగుఁబోతుల కుమారులకు మన విద్యార్థి వసతిగృహమునఁ జోటీయరాదని కొందఱు పెద్దలు ప్రతిపాదించియున్నారు. వారి భయము నిర్హేతుకము కాదు. కాని యట్టి నిర్ణయము వలన మేలుకంటెఁ గీడే యధికమని నా మనవి.

బీజదోషము లేదనరాదు. డెన్మార్కు దేశమున, పుట్టిన యాఱు వారములలోపలనే జన్మగృహమును వీడి పరులయింటఁ బెరిగిన పురుషులను డోనాల్డు గుడ్విను పండితుఁడును దత్సహచరులును బరిశీలించి, 1973లో ఫలితములఁ బ్రకటించిరి. కన్నవారిలో నొకరు మద్యవ్యసనపరులైనవారియందు నూటికి 18 వంతునను, అట్లు కానివారియందు నూటికి 5 వంతునను వ్యసనగ్రస్తులైరి. ఈ విషయమున మనుజునకును మనుజునకును గల భేదములో సుమారు సగము వంశానుగతమని కవలలపై జరిగిన పరిశోధనలును దెలుపుచున్నవి.

కాని యదే గణనమునఁ దక్కిన 82 వంతులవారు వ్యసనగ్రస్తులు కారైరి. పెక్కు జన్యువులు కూడి ప్రవృత్తిని మాత్రమే కల్పించును. కౌమారమున మొదటి గ్రుక్క త్రాగించునది ప్రధానముగా గృహమును సహవాసమును. వంశప్రభావము వయసు పెరిగినకొలఁది బలపడును.

రాత్రివేళఁ దండ్రి కేకలు, తల్లి కన్నీరు, దాయాదుల తగవులు గల యింటినుండి బాలుఁడు వీధి కేగును. ఎక్కడికిఁ బోయితివని యడుగువారుండరు. మనోవేదనకు మద్యమే మందని వాఁడు చూచి నేర్చుకొనును. పైపెచ్చు, "తండ్రి పోలిక యెక్కడికిఁ బోవును?" అని బంధువులు వాని ముఖముననే పలుకుదురు. బీజమును మనము మార్పలేము, క్షేత్రమును బాగుచేయఁగలము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై నుద్యమించిరి. 1993లో సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో నా సంపూర్ణ నిషేధము సడలెను. శాసనములు వచ్చును, పోవును. గృహము మన చేతిలోనిది.

కావున నా విన్నపములు నాలుగు. తగవులు తీర్చు పెద్దలు పిల్లల యెదుటఁ బంచాయతీ పెట్టకుందురుగాక. మధుమేహము గల వంశమువారు చక్కెర విషయమున జాగరూకులగునట్లు, మద్యవ్యసనము గల వంశమున బాలునకు సత్యము నిందగాఁ గాక హితముగాఁ జెప్పుదురుగాక. తండ్రికి వైద్యము చేయింతురుగాక. వసతిగృహమున నట్టి బాలురకే మొదటఁ జోటిత్తురుగాక. ప్రశాంతమైన గది, వేళకు భోజనము, వచ్చితివా యని యడుగు పెద్ద యొకఁడు: ఇవి యెవరికి మిక్కిలి యవసరమో వారికే తలుపు మూయుట ధర్మము కాదు.

సభవారు యోచింపఁ బ్రార్థించి విరమించుచున్నాను.